పాత డ్యుయల్ జియాన్ సర్వర్ బోర్డుల ఓవర్‌క్లాకింగ్, ర్యామ్ స్పీడ్ జత కలపడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, మంచిర్యాల వైపు పాత డ్యుయల్ జియాన్ మెషిన్లు (రెండు ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్లున్నవి) ఇంకా గట్టిగానే పనిచేస్తున్నాయి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియోలు, బ్లెండర్ రెండరింగ్ నేర్చుకునేవాళ్లు, ఇంట్లోనే వర్చువల్ మెషిన్లు పెట్టుకుని ప్రాక్టీస్ చేసే ఇంజనీరింగ్ విద్యార్థులు వీటిని ఇష్టంగా వాడుతున్నారు. ఈ పేజీలో ఎక్కువ భాగం ఎల్‌జీఏ 1366 సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న బోర్డుల గురించి. అంటే ఇంటెల్ 5520 చిప్‌సెట్, 2009లో వచ్చిన జియాన్ 5500, 2010లో వచ్చిన 5600 సిరీస్. అంతకు ముందువి, తర్వాతవి చివర్లో క్లుప్తంగా ఉన్నాయి.

ముందే ఒక మాట. ఓవర్‌క్లాక్ (కంపెనీ పెట్టిన స్పీడ్ దాటించి నడపడం) ఆగిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ప్రాసెసర్ కాదు, ర్యామ్. అందుకే ర్యామ్ లెక్క సరిచేసుకోకుండా క్లాక్ జోలికి వెళ్లొద్దని గట్టిగా చెబుతున్నాం.

ఏ బోర్డు అయినా ఓవర్‌క్లాక్ అయితదా?

కాదు. సర్వర్ బోర్డు కొనేవాళ్లకు కావలసింది ఏళ్ల తరబడి ఆగకుండా నడవడం. కాబట్టి తయారీదారులు బేస్ క్లాక్ (మిగతా స్పీడ్‌లన్నీ పుట్టే మూల ఫ్రీక్వెన్సీ, పొట్టిగా బీసీఎల్‌కే) మార్చే ఆప్షన్‌ను బయోస్‌లో (బోర్డు సెట్టింగులుండే చోట) పెట్టరు. సూపర్‌మైక్రో ఎక్స్8డీటీఐ, డెల్ టీ5500, టీ7500, హెచ్‌పీ జెడ్600, జెడ్800 లాంటివాటిలో బేస్ క్లాక్ 133 మెగాహెర్ట్జ్ దగ్గరే కట్టేసి ఉంటుంది. 1366లో రెండు ప్రాసెసర్లతో స్వేచ్ఛగా ఓవర్‌క్లాక్ చేయడానికే తయారైన బోర్డు 2010లో వచ్చిన ఈవీజీఏ ఎస్ఆర్-2. దాని సైజు హెచ్‌పీటీఎక్స్, మామూలు క్యాబినెట్‌లో పట్టదు.

మీ బయోస్‌లో బీసీఎల్‌కే, మెమరీ మల్టిప్లయర్, క్యూపీఐ (రెండు ప్రాసెసర్లను కలిపే లింక్) స్పీడ్, వీటీటీ (ప్రాసెసర్ లోపలి మెమరీ కంట్రోలర్‌కు అందే) వోల్టేజీ అనే నాలుగూ కనిపిస్తే అది ఓవర్‌క్లాక్ అయ్యే బోర్డు. మెమరీ స్పీడ్ ఒక్కటే కనిపిస్తే అది దించుకోవడానికి ఇచ్చిన ఆప్షన్.

బయోస్‌ల ఆప్షన్ లేదు. సాఫ్ట్‌వేర్‌తోని చెయ్యొచ్చా?

సెట్ఎఫ్‌ఎస్‌బీ లాంటి టూల్స్ బోర్డు మీది క్లాక్ జనరేటర్ చిప్‌తో నేరుగా మాట్లాడి ఫ్రీక్వెన్సీ మారుస్తాయి. దానికి ఆ చిప్ నంబర్ కచ్చితంగా తెలియాలి. 14.318 మెగాహెర్ట్జ్ అని రాసిన చిన్న వెండి రంగు క్రిస్టల్ పక్కన ఉండే చిప్ అది. టార్చ్ వేసి దాని మీది అక్షరాలు చదవాలి. జాబితాలో అదే నంబర్ ఉంటేనే ప్రయత్నించండి. దగ్గరి నంబర్ ఎంచుకుంటే చిప్‌లో వేరే రిజిస్టర్లు మారిపోయి మెషిన్ అక్కడికక్కడే బిగుసుకుపోవచ్చు.

ఒకవేళ పనిచేసినా రెండు చిక్కులు ఉంటాయి. రీస్టార్ట్ చేయగానే పాత స్పీడ్‌కు వచ్చేస్తుంది. అదీకాక, నడుస్తున్న సిస్టంలో బీసీఎల్‌కే పెరిగితే దాంతోపాటే ర్యామ్, క్యూపీఐ కూడా పెరుగుతాయి, వాటి మల్టిప్లయర్లు దించే వీలుండదు. కాబట్టి ముందే బయోస్‌లో మెమరీని 1333 నుంచి 1066కు దించి, ఆ తర్వాత విండోస్‌లో మెల్లగా పెంచాలి.

మరి ఆప్షన్ లేనోళ్లు స్పీడ్ ఎట్ల పెంచుకోవాలె?

ప్రాసెసర్లు మార్చుకోండి. మా దృష్టిలో లాక్ అయిన బోర్డు ఉన్నవాళ్లకు ఇదే అన్నిటికన్నా మంచి దారి. ఎక్స్5650 ఆరు కోర్లూ పనిలో ఉన్నప్పుడు టర్బోలో (ప్రాసెసర్ తనంతట తానే పెంచుకునే స్పీడ్‌లో) 2.93 గిగాహెర్ట్జ్ ఇస్తుంది. ఎక్స్5675 అదే 95 వాట్లలో 3.33 ఇస్తుంది. ఎక్స్5690 అయితే 3.6 ఇస్తుంది, కానీ అది 130 వాట్ల ప్రాసెసర్. కొనేముందు మీ బోర్డు, హీట్‌సింక్ 130 వాట్లు మోస్తాయో లేదో చూసుకోవాలి.

హెచ్‌పీ జెడ్600, జెడ్800 ఉన్నవాళ్లు ఇంకొకటి చూడాలి. బయోస్‌లో సిస్టం ఇన్ఫర్మేషన్‌లో బూట్‌బ్లాక్ (బయోస్‌లో మొట్టమొదట నడిచే భాగం) తేదీ 2009ది ఉంటే ఆ బోర్డు 5600 సిరీస్‌ను తీసుకోదు. 2010ది ఉండాలి. బయోస్ అప్‌డేట్ చేసినా బూట్‌బ్లాక్ మారదు.

1333 ర్యామ్ పెట్టిన, 1066 చూపిస్తున్నది. ఒక్కోసారి 800. ఎందుకు?

ఈ ఒక్క ప్రశ్నకు అయిదు కారణాలున్నాయి. వరుసగా చూసుకోండి.

మొదటిది ప్రాసెసర్. 5500, 5600లలో మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది. ఈ5620 గరిష్ఠంగా 1066 మాత్రమే ఇస్తుంది. ఈ5504, ఈ5506 అయితే 800 దాటవు. ఎంత మంచి ర్యామ్ పెట్టినా అంతే.

రెండోది ఒక్కో ఛానెల్‌లో (ప్రాసెసర్ నుంచి ర్యామ్‌కు వెళ్లే దారిలో) ఎన్ని స్టిక్స్ ఉన్నాయన్నది. ప్రతి ప్రాసెసర్‌కు మూడు ఛానెళ్లు. 5500 సిరీస్‌లో ఛానెల్‌కు ఒక స్టిక్ ఉంటే 1333, రెండుంటే 1066, మూడుంటే 800. 5600లోని ఎక్స్ మోడళ్లు బోర్డు ఒప్పుకుంటే రెండు స్టిక్స్‌తో కూడా 1333 ఇస్తాయి, మూడో స్టిక్ పడగానే 800కు దిగిపోతాయి.

మూడోది ర్యాంక్, అంటే స్టిక్ మీది చిప్‌లు ఎన్ని గుంపులుగా ఉన్నాయన్నది. స్టిక్ మీద 4ఆర్ అని ఉంటే అది క్వాడ్ ర్యాంక్. ఛానెల్‌కు ఒకటి ఉన్నా 1066, రెండుంటే 800. మూడోది అసలు పెట్టకూడదు, ఎందుకంటే ఒక ఛానెల్ 8 ర్యాంకులకు మించి మోయలేదు. సెకండ్‌హ్యాండ్‌లో 16 జీబీ స్టిక్ మరీ చౌకగా దొరికితే అది క్వాడ్ ర్యాంక్ అయ్యే అవకాశం ఎక్కువ.

నాలుగోది వోల్టేజీ. 1.35 వోల్ట్ల స్టిక్స్ ఛానెల్‌కు రెండు చొప్పున వేసి, బయోస్ వాటిని 1.35 దగ్గరే నడిపితే స్పీడ్ 1066కు తగ్గుతుంది. బయోస్‌లో మెమరీ వోల్టేజీని 1.5కు మారిస్తే చాలాసార్లు 1333 తిరిగి వస్తుంది.

అయిదోది గుంపులో ఒక నెమ్మది స్టిక్. రెండు ప్రాసెసర్ల కిందా ఉన్న ఛానెళ్లన్నీ ఒకే స్పీడ్‌లో నడుస్తాయి. 11 స్టిక్స్ 1333వి, ఒకటి 1066ది ఉంటే 12 స్టిక్సూ 1066కే వస్తాయి.

దీని వల్ల ఎంత నష్టమో లెక్క చూడండి. 1333లో ఒక ప్రాసెసర్‌కు మూడు ఛానెళ్లు కలిపి సెకనుకు 32 జీబీ బ్యాండ్‌విడ్త్ వస్తుంది. 800లో 19.2 జీబీ మాత్రమే. 18 స్లాట్లున్న బోర్డు నిండా 4 జీబీ స్టిక్స్ వేసి 72 జీబీ చేసి 800లో నడపడం కన్నా, 12 స్లాట్లలో 8 జీబీవి వేసి 96 జీబీని 1333లో నడపడం అన్ని విధాలా మేలు. ఖాళీ స్లాట్ కనిపిస్తే నింపాలనిపించడం సహజం, ఈ బోర్డుల్లో మాత్రం ఆ మూడో వరుసను ఖాళీగానే వదలండి.

సీపీయూ-జెడ్‌ల 667 అని వస్తున్నది. సగం స్పీడేనా?

కాదు, అది సరైన అంకే. డీడీఆర్ ఒక క్లాక్‌లో రెండుసార్లు డేటా పంపుతుంది. 667 కనిపిస్తే 1333, 533 కనిపిస్తే 1066, 400 కనిపిస్తే 800.

స్టిక్ మీద రాసింది ఎట్ల చదవాలె?

లేబుల్ మీద "8జీబీ 2ఆర్ఎక్స్4 పీసీ3-10600ఆర్" అని ఉందనుకోండి. 2ఆర్ అంటే రెండు ర్యాంకులు, ఎక్స్4 అంటే ఒక్కో చిప్ వెడల్పు 4 బిట్లు, 10600 అంటే 1333 స్పీడ్, చివరి ఆర్ అంటే రిజిస్టర్డ్ (సంకేతాలను మధ్యలో పట్టి పంపే చిప్ ఉన్నది). 8500 అంటే 1066, 12800 అంటే 1600, 14900 అంటే 1866. పీసీ3 తర్వాత ఎల్ ఉంటే 1.35 వోల్ట్లకు తయారైనది. చివర ఆర్ బదులు ఈ ఉంటే ఈసీసీ (తప్పులు దిద్దే ఏర్పాటు) ఉన్న అన్‌బఫర్డ్ స్టిక్, అంటే ఆ చిప్ లేనిది.

లేబుల్ చిరిగిపోయి పార్ట్ నంబర్ మాత్రమే మిగిలితే దాని చివరి అక్షరాలు చూడండి. శామ్‌సంగ్‌లో సీఎఫ్8 అంటే 1066, సీహెచ్9 అంటే 1333, సీకే0 అంటే 1600. ఇవన్నీ 1.5 వోల్ట్లవి. సీ బదులు వై ఉంటే, అంటే వైహెచ్9, వైకే0 అయితే 1.35 వోల్ట్లవి. హైనిక్స్‌లో జీ7 అంటే 1066, హెచ్9 అంటే 1333, పీబీ అంటే 1600. మైక్రాన్‌లో 1జీ1, 1జీ4, 1జీ6 వరుసగా అవే మూడు స్పీడ్‌లు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్లి పాత ర్యామ్ ఏరుకునేవాళ్లు ఈ అక్షరాలు ఫోన్‌లో రాసిపెట్టుకుంటే మంచిది. కౌంటర్ మీద గుట్టగా పోసిన స్టిక్స్‌లో సీహెచ్9, సీఎఫ్8 పక్కపక్కనే ఉంటాయి, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి.

వేర్వేరు కంపెనీల ర్యామ్ కలపొచ్చా?

స్టాక్ (కంపెనీ పెట్టిన) స్పీడ్‌లో కలపొచ్చు. ఓవర్‌క్లాక్ చేసేటట్టయితే వద్దు. రిజిస్టర్డ్, అన్‌బఫర్డ్ మాత్రం ఎప్పుడూ కలవవు, బోర్డు బూట్ కూడా కాదు. ఎల్ఆర్‌డిమ్ కూడా వేరే జాతి, దాన్ని మామూలు రిజిస్టర్డ్ స్టిక్స్‌తో కలపకూడదు.

తప్పనిసరిగా కలపాల్సి వస్తే మూడు ఛానెళ్లలో ఒకే రకం మూడు స్టిక్స్ వచ్చేట్టు సర్దండి. అంటే మొదటి వరుస మూడూ శామ్‌సంగ్, రెండో వరుస మూడూ హైనిక్స్. రెండో ప్రాసెసర్ కింద కూడా అదే వరుస. ఏ ఛానెల్‌లో అయినా ముందు నింపాల్సింది ప్రాసెసర్‌కు దూరంగా ఉన్న స్లాట్. చాలా బోర్డుల్లో దానికి వేరే రంగు ఉంటుంది.

ర్యామ్ మొత్తం ఒక్క ప్రాసెసర్ దిక్కే పెడితే ఏమైతది?

మెషిన్ నడుస్తుంది. కానీ రెండో ప్రాసెసర్ ప్రతి చిన్న డేటాకూ క్యూపీఐ లింక్ దాటి అవతలి ప్రాసెసర్ దగ్గరికి వెళ్లాలి. 6.4 జీటీ క్యూపీఐ ఒక దిశలో సెకనుకు 12.8 జీబీ ఇస్తుంది. సొంత ర్యామ్ ఉంటే 32 వచ్చేది. రెండు వైపులా సమానంగా పంచండి, బయోస్‌లో నోడ్ ఇంటర్‌లీవింగ్ ఆపి నూమా (ప్రతి ప్రాసెసర్ ముందు తన పక్క ర్యామ్‌నే వాడే పద్ధతి) ఆన్‌లో ఉంచండి.

బీసీఎల్‌కే పెంచినప్పుడు ర్యామ్ స్పీడ్ ఎట్ల జత కలపాలె?

ఇదే అసలు విషయం, దీనికి కాగితం పెన్ను తీసుకుని కూర్చోండి. 1366లో అన్నీ బీసీఎల్‌కే నుంచే పుడతాయి. ప్రాసెసర్ స్పీడ్, ర్యామ్, క్యూపీఐ, అన్‌కోర్ (ప్రాసెసర్‌లో కోర్లు కాక మెమరీ కంట్రోలర్ లాంటి మిగతా భాగం) నాలుగూ బీసీఎల్‌కేను తమ తమ మల్టిప్లయర్‌తో హెచ్చిస్తే వచ్చేవే. మీరు ఒక్క అంకె పెంచితే నాలుగూ పెరుగుతాయి. ప్రాసెసర్ ఒక్కటే పెరగాలంటే మిగతా మూడింటి మల్టిప్లయర్లు దించాలి.

ర్యామ్‌కు దొరికే మల్టిప్లయర్లు ముఖ్యంగా 6, 8, 10. స్టాక్ బీసీఎల్‌కే 133.33 దగ్గర ఇవి 800, 1066, 1333 ఇస్తాయి. ఇప్పుడు ఎక్స్5650 తీసుకుందాం, దాని మల్టిప్లయర్ 20. బీసీఎల్‌కేను 166.67 చేస్తే ప్రాసెసర్ 3.33 గిగాహెర్ట్జ్ అవుతుంది. ర్యామ్ మల్టిప్లయర్ 10 మీదే వదిలేస్తే స్టిక్ 1667లో నడవాలి. 10600 స్టిక్ అంత మోయలేదు, స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది. చూసేవాళ్లు ప్రాసెసర్ 3.33 తట్టుకోలేదనుకుని వోల్టేజీ పెంచుతూ పోతారు. నిజానికి మల్టిప్లయర్ 8 చేస్తే చాలు. 166.67 ఇంటూ 8 అంటే సరిగ్గా 1333. ర్యామ్ తన రేటెడ్ స్పీడ్‌లోనే ఉంటుంది, ప్రాసెసర్ పావు వంతు పెరుగుతుంది.

అందుకే ర్యామ్‌ను చూసి బీసీఎల్‌కే ఎంచుకోవాలన్నది మా సలహా. 10600 స్టిక్స్ ఉంటే 166, మల్టిప్లయర్ 8. 12800 స్టిక్స్ ఉంటే 160, మల్టిప్లయర్ 10, సరిగ్గా 1600 వస్తుంది, ఎక్స్5650 మీద ప్రాసెసర్ 3.2 అవుతుంది. 8500 స్టిక్స్ మాత్రమే ఉంటే 166 దగ్గర మల్టిప్లయర్ 6 పెట్టి 1000లో నడపండి. 177 దాకా వెళ్లగలిగితే అదే 6 తో 1066 వస్తుంది. 150 లాంటి గుండ్రటి అంకె పెట్టుకుంటే 10600 స్టిక్స్ 8 తో 1200 దగ్గరే ఆగిపోతాయి, 10 తో 1500 అడుగుతాయి. రెండూ నష్టమే.

క్యూపీఐ లెక్క కూడా ఇలాంటిదే. బీసీఎల్‌కేను 36, 44, 48లతో హెచ్చిస్తే స్టాక్‌లో 4.8, 5.86, 6.4 జీటీ వస్తాయి. 166.67 దగ్గర 36 పెడితే 6.0 వస్తుంది, ఎక్స్ మోడళ్ల రేటింగ్ 6.4 లోపే ఉంది. 48 వదిలేస్తే 8.0 అవుతుంది, రెండు సాకెట్ల మధ్య లింక్ దాన్ని తట్టుకోదు. ఒక్క ప్రాసెసర్ ఉన్న డెస్క్‌టాప్ బోర్డు అనుభవంతో వచ్చినవాళ్లు ఎక్కువగా మరిచిపోయేది ఇదే.

అన్‌కోర్ విషయంలో 5600 సిరీస్‌కు ర్యామ్ స్పీడ్‌కు కనీసం ఒకటిన్నర రెట్లు, 5500 సిరీస్‌కు కనీసం రెండు రెట్లు ఉండాలి. 1333 ర్యామ్‌కు 5600లో 2000 చాలు. 166 దగ్గర మల్టిప్లయర్ 16 పెడితే స్టాక్ విలువైన 2667 దగ్గరే ఉంటుంది, అంతకన్నా పెంచనవసరం లేదు.

పీసీఐ ఎక్స్‌ప్రెస్ క్లాక్‌ను 100 దగ్గర చేత్తో లాక్ చేయండి. ఆటోలో వదలొద్దు.

టైమింగ్స్ తగ్గిస్తే మంచిదా, స్పీడ్ పెంచితే మంచిదా?

సీఎల్ అంటే ర్యామ్ జవాబివ్వడానికి పట్టే క్లాక్‌ల సంఖ్య. 1066లో సీఎల్7, 1333లో సీఎల్9, 1600లో సీఎల్11 సమయం లెక్కలో దాదాపు ఒకటే. వరుసగా 13.1, 13.5, 13.75 నానోసెకన్లు. తేడా అంతా బ్యాండ్‌విడ్త్‌లోనే. రెండరింగ్, వీడియో ఎన్‌కోడింగ్‌కు స్పీడే చూడండి. సర్వర్ స్టిక్స్‌లో ఎక్స్ఎంపీ (ముందే రాసిపెట్టిన ఓవర్‌క్లాక్ సెట్టింగులు) ఉండదు కాబట్టి 1333 స్టిక్‌ను 1600కు లాగి చూడాలనుకునేవాళ్లు 11-11-11-28 అని చేత్తో వేయాలి. సీఎల్9 మీదే 1600 అడిగితే బూట్ కాదు.

వరుసగా ఏం చెయ్యాలె?

మొదట అంతా స్టాక్‌లో పెట్టి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ రాత్రంతా నడపండి. స్టాక్‌లోనే తప్పు ఉన్న స్టిక్‌తో మొదలుపెడితే తర్వాత ఏ తప్పు ఎక్కడిదో తేలదు.

తర్వాత బయోస్‌లో టర్బోను, కరెంటు ఆదా చేసే స్పీడ్‌స్టెప్, సీ1ఈలను ఆపండి. ర్యామ్ మల్టిప్లయర్ 6, క్యూపీఐ అతి తక్కువ, అన్‌కోర్ 16 పెట్టండి. ఇప్పుడు ప్రాసెసర్ ఒక్కటే పరీక్షలో ఉంది. బీసీఎల్‌కే 140 నుంచి 5 చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టు దగ్గర ప్రాసెసర్ మీద ఫుల్ లోడ్ వేసే ప్రైమ్95 స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ 20 నిమిషాలు నడపండి. ఎక్కడ ఆగిపోతే అక్కడ నీలి స్క్రీన్ మీది స్టాప్ కోడ్ రాసుకోండి. 101 వస్తే ఎక్కువగా కోర్ వోల్టేజీ చాలనట్టు. 124 వస్తే కోర్ గానీ వీటీటీ గానీ, ముందు వీటీటీని 0.025 పెంచి చూడండి. 1ఏ వస్తే ర్యామ్ వైపు చూడండి. ఒకసారికి ఒక్క విలువే మార్చాలి.

అనుకున్న బీసీఎల్‌కే నిలబడ్డాక ర్యామ్ మల్టిప్లయర్‌ను 8కి తెచ్చి మళ్లీ మెమ్‌టెస్ట్, ఆపైన ప్రైమ్95 బ్లెండ్ కనీసం 12 గంటలు. చివరగా టర్బో ఆన్ చేసుకోవచ్చు. ఎక్స్5650కు అన్ని కోర్ల మీద రెండు మెట్లు అదనంగా వస్తాయి, అంటే 160 దగ్గర 3.2 కాస్తా 3.52 అవుతుంది. వేడి కూడా అంతకు తగ్గట్టే.

వోల్టేజీ ఎంతవరకు పెంచొచ్చు?

5600 సిరీస్‌కు కోర్ 1.35, వీటీటీ 1.35 హద్దులు. రోజంతా నడిచే మెషిన్‌కు కోర్ 1.30, వీటీటీ 1.25 దగ్గర ఆపమంటాం. ర్యామ్‌కు 1.5, గరిష్ఠం 1.65. ర్యామ్ వోల్టేజీకీ వీటీటీకీ తేడా 0.5 దాటకూడదు. ర్యామ్ 1.65 పెట్టి వీటీటీ 1.1 వదిలేస్తే ప్రాసెసర్ లోపలి మెమరీ కంట్రోలర్ మెల్లగా చచ్చిపోతుంది. ఆ లోపం ముందు ఒక ఛానెల్ మాయమవడంతో బయటపడుతుంది.

కరెంటు వాడకం స్పీడ్‌తో నేరుగా, వోల్టేజీతో వర్గం లెక్కన పెరుగుతుంది. 2.66 నుంచి 3.52కు, 1.20 నుంచి 1.30కు పెంచితే ఒకటిన్నర రెట్లకు పైనే. 95 వాట్ల ప్రాసెసర్ 147 దాకా పోతుంది. అలాంటివి రెండు. బోర్డు మీది రెండు 8 పిన్ కనెక్టర్లకూ విడివిడి కేబుళ్లు ఇవ్వండి, ఒక కేబుల్‌ను స్ప్లిటర్‌తో చీల్చి రెండిటికీ పెట్టొద్దు.

టెస్ట్‌ల ఎర్రర్ రాలేదు. ఇగ స్టేబుల్ అన్నట్టేనా?

ఈసీసీ ర్యామ్ ఉంటే అంత ధీమా పనికిరాదు. ఒక్క బిట్ తప్పును ఈసీసీ తనే దిద్దేస్తుంది కాబట్టి ప్రైమ్95కు గానీ మామూలు మెమ్‌టెస్ట్‌కు గానీ ఆ తప్పు కనిపించదు. లోపల మాత్రం తప్పులు పోగవుతుంటాయి. ఒక రోజు రెండు బిట్లు ఒకేసారి చెడితే సిస్టం ఆగిపోతుంది. టెస్ట్ అయ్యాక బయోస్ ఈవెంట్ లాగ్ లేదా ఐపీఎంఐ (సర్వర్ బోర్డు మీది నిఘా వ్యవస్థ) లాగ్ తెరిచి కరెక్టబుల్ ఈసీసీ అన్న లైన్ల కోసం చూడండి. లినక్స్‌లో ఈడీఏసీ లెక్కలు, విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్‌లో డబ్ల్యూహెచ్ఈఏ హెచ్చరికలు చూడాలి. పన్నెండు గంటల్లో ఒక్క లైన్ పడినా ఆ సెట్టింగ్ స్టేబుల్ కాదు. లాగ్‌లో స్లాట్ పేరు కూడా ఉంటుంది. ఎప్పుడూ అదే స్లాట్ అయితే స్టిక్ మార్చి చూడండి, స్లాట్లు మారుతుంటే వీటీటీ గానీ ర్యామ్ స్పీడ్ గానీ కారణం.

చలికాలంల మంచిగ నడిచింది, ఎండాకాలంల హ్యాంగ్ అయితున్నది.

డిసెంబర్‌లో గది 22 డిగ్రీలు, మే నెలలో వరంగల్, రామగుండం వైపు బయట 42 దాటితే గది 38. ఆ 16 డిగ్రీలూ నేరుగా ప్రాసెసర్ మీద కలుస్తాయి. చలికాలంలో 72 దగ్గర ఆగిన కోర్ రోహిణి కార్తెలో 88కి వెళ్తుంది. కాబట్టి చలికాలంలో సెట్ చేసేవాళ్లు ఫుల్ లోడ్‌లో 65 దాటకుండా చూసుకోండి, లేదా ఎండాకాలానికి బయోస్‌లో రెండో ప్రొఫైల్ దాచిపెట్టుకోండి.

ప్రాసెసర్ చల్లగా ఉన్నా హ్యాంగ్ అవుతుంటే 5520 చిప్‌ను వేలితో తాకి చూడండి. అది ఒక్కటే 27 వాట్లు తాగుతుంది. సర్వర్ క్యాబినెట్‌లో ముందు నుంచి వెనక్కి ఈదరగాలిలా కొట్టే ఫ్యాన్ల కోసం దాని హీట్‌సింక్‌ను చిన్నగా చేశారు. మామూలు క్యాబినెట్‌లో ఆ గాలి ఉండదు. పదేళ్లు దాటిన బోర్డులో దాని కింది పేస్ట్ సున్నంలా ఎండిపోయి ఉంటుంది. విప్పి, తుడిచి, కొత్త పేస్ట్ వేసి, దాని మీదికి 60 లేదా 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి కట్టండి. ర్యామ్ వరుసల మీదికీ గాలి తగలాలి.

ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, జిన్నింగ్ మిల్లుల దగ్గర ఉండేవాళ్లు పత్తి సీజన్‌లో నెలకోసారి హీట్‌సింక్ రెక్కలు శుభ్రం చేయాలి. దూది నూగు పలచటి పొరలా రెక్కల మధ్య పరుచుకుంటుంది, బయటినుంచి చూస్తే కనిపించదు. ఫ్యాన్ తీసి బ్రష్‌తో తుడవాలి.

ఆరు స్టిక్స్ పెట్టిన, అయిదే కనబడ్తున్నయి.

స్టిక్ అటూ ఇటూ మార్చండి. లోపం స్టిక్‌తో పాటు కదిలితే స్టిక్‌దే తప్పు. ఎప్పుడూ అదే ఛానెల్ పోతుంటే స్టిక్ మంచిదే. ప్రాసెసర్ సాకెట్‌లో పిన్ వంగి ఉండొచ్చు, లేదా హీట్‌సింక్ ఒక పక్క ఎక్కువ బిగిసి ప్రాసెసర్ సమంగా కూర్చోక ఉండొచ్చు. నాలుగు స్క్రూలూ వదులు చేసి ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించండి. అప్పటికీ రాకపోతే ప్రాసెసర్ తీసి, సాకెట్‌ను ఫోన్ కెమెరాతో జూమ్ చేసి ఏటవాలు వెలుతురులో చూడండి. వరుస తప్పిన పిన్ మెరుపు వేరుగా కనిపిస్తుంది.

రెండు ప్రాసెసర్లు వేరే వేరే మోడల్ ఉండొచ్చా?

వద్దు. ఒకే మోడల్, వీలైతే ఒకే స్టెప్పింగ్ (అదే మోడల్‌లో వచ్చిన సవరణ) పెట్టండి. ఓవర్‌క్లాక్‌లో రెండిటిలో బలహీనమైనదే హద్దు అవుతుంది. ముందు ఒక్కొక్కటినీ విడిగా మొదటి సాకెట్‌లో పరీక్షించి, ఎక్కువ వోల్టేజీ అడిగేది ఏదో తెలుసుకోండి.

ఇంకా పాతది ఉంది, ఎల్‌జీఏ 771. దాన్ని చెయ్యొచ్చా?

2008 నాటి ఇంటెల్ డీ5400ఎక్స్ఎస్ లాంటి ఒకటి రెండు బోర్డులు తప్పితే కష్టమే. వీటిలో ర్యామ్ ఎఫ్‌బీ-డిమ్ అనే వేరే రకం. 1333 బస్ ఉన్న ప్రాసెసర్‌కు 667 స్టిక్స్, 1600 బస్‌కు 800 స్టిక్స్ సరిజోడు, ఎందుకంటే రెండు వైపులా అసలు క్లాక్ 333 లేదా 400 ఒకటే అవుతుంది. జతలుగా వేయాలి, నాలుగు వేస్తే నాలుగు ఛానెళ్లూ నిండుతాయి. స్టిక్ మధ్యలో ఉండే, డేటాను పట్టి పంపే ఏఎంబీ చిప్ చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, ఫ్యాన్ లేకుండా ఓవర్‌క్లాక్ ఆలోచనే వద్దు.

ఎల్‌జీఏ 2011 బోర్డుల సంగతి?

జియాన్ ఈ5-2600 నుంచి బేస్ క్లాక్ 100కు మారి పీసీఐ ఎక్స్‌ప్రెస్‌తో ముడిపడింది. 103, మహా అయితే 105. ఆపైన ఎస్ఎస్‌డీ, నెట్‌వర్క్ కార్డు తడబడతాయి. మల్టిప్లయర్ అన్‌లాక్ ఉన్న ఈ5-1650, 1660 ఒక్క సాకెట్ కోసమే, రెండు సాకెట్ల బోర్డులో జంటగా నడవవు. కాబట్టి ఇక్కడ లాభం ర్యామ్ దగ్గరే. మొదటి తరానికి 1600, రెండో తరమైన వీ2కు 1866 దాకా, ప్రాసెసర్‌కు నాలుగు ఛానెళ్లు, అంటే మొత్తం 8 స్టిక్స్ ఛానెల్‌కు ఒకటి చొప్పున. వీ2 ప్రాసెసర్‌కు 10600 స్టిక్స్ వేసుకుని స్పీడ్ లేదనుకునేవాళ్లు 14900ఆర్‌కు మారి చూడండి.

వీ3 ప్రాసెసర్లలో బయోస్ నుంచి మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సూచనలను సవరించే కోడ్) తీసేసి అన్ని కోర్లనూ గరిష్ఠ టర్బోలో నడిపే పద్ధతి ఒకటుంది. వీ4లో అది పనిచేయదు. మైక్రోకోడ్‌తో పాటు భద్రతా సవరణలు కూడా పోతాయి, బయోస్ రాయడంలో తేడా వస్తే చిప్ ప్రోగ్రామర్ లేకుండా బోర్డు లేవదు. బ్యాంకు పనులు, కస్టమర్ల ఫైళ్లు ఉండే మెషిన్ మీద చేయొద్దు.

విండోస్‌ల ఒక్క ప్రాసెసరే కనబడ్తున్నది.

విండోస్ హోమ్ ఒక్క సాకెట్‌నే వాడుతుంది. ప్రో ఉండాలి.

ఇన్వర్టర్ మీద నడుస్తదా? కరెంటు బిల్లు ఎంత పెరుగుతది?

స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీదికి మారగానే యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్ సరిదిద్దే సర్క్యూట్) ఉన్న పవర్ సప్లై ఆగిపోవచ్చు. ప్యూర్ సైన్ వేవ్ తీసుకోండి. ఫుల్ లోడ్ 500 వాట్లు ఉంటే 1000 వీఏకు తగ్గొద్దు.

బిల్లు లెక్క సులువు. సగటున 200 వాట్లతో రోజంతా నడిస్తే నెలకు 144 యూనిట్లు. గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇంట్లో ఇంటి వాడకం 80 యూనిట్లున్నా, ఈ మెషిన్‌తో 200 దాటిపోయి ఆ నెల బిల్లంతా కట్టాల్సి వస్తుంది. రెండర్ అయిపోగానే ఆపేసే అలవాటు చేసుకోండి, స్పీడ్‌స్టెప్‌ను టెస్టింగ్ ముగిశాక మళ్లీ ఆన్ చేయండి.

సెట్టింగ్ మార్చిన, ఇగ స్క్రీన్ వస్తలేదు.

పవర్ కేబుల్ తీసేసి, బోర్డు మీది ఆకుపచ్చ స్టాండ్‌బై లైట్ పూర్తిగా ఆరేదాకా ఆగండి. తర్వాత సీమాస్ క్లియర్ (బయోస్ సెట్టింగులు చెరిపే) జంపర్ మార్చండి. సూపర్‌మైక్రో బోర్డుల్లో జంపర్ ఉండదు, జేబీటీ1 అని రాసిన రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి. వాటిని స్క్రూడ్రైవర్ మొనతో కలిపి కొన్ని సెకన్లు పట్టుకోవాలి. సీఆర్2032 బ్యాటరీ 3 వోల్ట్లకు బాగా తక్కువ చూపిస్తే ఇదే సందర్భంలో మార్చేయండి. అప్పటికీ రాకపోతే రెండో ప్రాసెసర్, దాని ర్యామ్ తీసేసి, మొదటి ప్రాసెసర్ కింద మొదటి ఛానెల్‌లో దూరపు స్లాట్‌లో ఒకే స్టిక్‌తో ఆన్ చేయండి. పాత బోర్డులు ర్యామ్‌ను కొత్తగా గుర్తించడానికి ఒక నిమిషం పైనే తీసుకుంటాయి, మధ్యలో రెండు మూడుసార్లు వాటంతటవే ఆగి లేస్తాయి. అంతవరకు పవర్ బటన్ నొక్కకుండా ఆగండి.